రైట్ రైట్ అత్త వెతికిన ముత్తాత

మీ నాన్నమ్మ అసలు పేరేమిటి? ‘నాన్నమ్మ’ అని చెప్పకండి; అది పదవి, పేరు కాదు. ఆమె పుట్టిన ఇల్లు ఏ వీధిలో ఉండేది? ఆమె తండ్రి ఏ పని చేసి బతికాడు? మీరు తడుముకుంటున్నారని నాకు తెలుసు. నేనూ తడుముకున్నాను. జానెడు స్థలం కొనడానికి ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు అడిగే మనం, మన రక్తం ఎవరెవరి చేతులు మారి మనదాకా వచ్చిందో రెండు తరాలు దాటి చెప్పలేం. న్యాయశాస్త్రం చదువుకున్నదాన్ని గనుక ఈ నిర్లక్ష్యాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా మేనత్తకు మాత్రం నవ్వొచ్చేది.

“అందరూ టికెట్ లేని ప్రయాణికులేనే. అడిగేవాడు రాలేదు కాబట్టి కిటికీ పక్కన కూర్చుని దర్జాగా పోతున్నారు” అనేది.

అత్త సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరైంది. మాట ముగించాలన్నా, ఫోను పెట్టెయ్యాలన్నా, మామయ్య పళ్ళెంలో ఇంక వడ్డించనని చెప్పాలన్నా ‘రైట్ రైట్’ అనడం ఆమెకు అలవాటు. అందుచేత చుట్టుపక్కల పిల్లలకూ పెద్దలకూ కూడా ఆమె రైట్ రైట్ అత్తే. ఉద్యోగం అయిపోయినా తోలుసంచిని మాత్రం భుజం దించలేదు. అందులో ఒకప్పుడు టికెట్లు, చిల్లర ఉండేవి. తరువాత భూతద్దం, ముక్కు విరగని పెన్సిళ్ళు, పిప్పరమెంటు బిళ్ళలు చేరాయి. తన పూర్వీకులను వెతకడం ఆమెకు రెండో ఉద్యోగమైంది. భాష మాత్రం మొదటి ఉద్యోగానిదే మిగిలింది. ఆమె లెక్కలో పుట్టడమంటే ఎక్కడం, చనిపోవడమంటే దిగడం, పెళ్ళంటే బండి మారడం. ఒకసారి శ్మశానం ఆఫీసుకు వెళ్ళి, “మా నాన్న మేనత్త ఎక్కడ దిగిందో తెలియడం లేదు బాబూ, కాస్త చూసిపెట్టు” అంటే, ఆ గుమాస్తా ఎంతో మర్యాదగా బస్సు డిపోకు దారి చూపించాడు.

ఈ వెతుకులాట ఆమెకు పొద్దుపోక పట్టిన పిచ్చి కాదు. ఆమె తండ్రి, అంటే మా తాత, పాలు తాగే వయసులోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నాడు. పెంచింది ఆయన మేనత్త. ఆమె మాటల మనిషి కాదు. ‘మా నాన్న ఎవరు, మా తాత ఎవరు’ అని పిల్లవాడు అడిగినప్పుడల్లా, “ఉన్నార్లే, పడుకో” అనేది. పడుకుని పడుకుని ఆయన పెద్దవాడైపోయాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినచోటల్లా ‘వేరు లేని చెట్టుకు పిల్లనెలా ఇస్తాం’ అన్న మాట పడ్డాడట. బతికినంతకాలం నలుగురిలో కూర్చున్నప్పుడు, ఎవరైనా తమ తాతల సంగతి ఎత్తితే చాలు, మంచినీళ్ళకని లేచి వెళ్ళిపోయేవాడు. పక్కనే కూర్చున్న కూతురు అది చూసేది. తన తండ్రిని ఇక లేవనక్కరలేకుండా కూర్చోబెట్టాలన్నదే, ఆయన పోయాక కూడా, ఆమె పట్టుదల.

పద్ధతి విషయంలో ఆమె దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, “ముందు నీ టికెట్ చూపించు” అంది. అంటే నా జనన పత్రం. దాని నుంచి మా నాన్నది, అక్కడి నుంచి తాతది. చివరి స్టాపు నుంచి వెనక్కి నడవాలే తప్ప, ఎవరో గొప్పవాణ్ణి ముందే ఎంచుకుని ఆయన దగ్గర నుంచి మనదాకా దారి వెయ్యకూడదట. బడి రిజిస్టర్లలోని పుట్టినతేదీలను నమ్మవద్దంది. “బడి తెరిచే నెలలోనే ఊళ్ళో పిల్లలంతా పుట్టారంటే అది పంతులుగారి సౌకర్యమే కానీ దేవుడి పని కాదు.” ముసలివాళ్ళను తారీఖులు అడగవద్దంది. “పెళ్ళి ఏ ఏడు జరిగిందీ అని అడిగితే గోడ వంక చూస్తారు. ఆ పెళ్ళిలో ఎవరు అలిగారూ అని అడుగు, లేచి కూర్చుంటారు.” ఇది నేను స్వయంగా పరీక్షించి చూశాను, అక్షరాలా నిజం. దస్తావేజు దొరికితే అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ కాదు, అడుగున సాక్షి సంతకాలు చేసినవాళ్ళను చూడమనేది. సంతకానికి ఎవరూ దారినపోయే దానయ్యను పిలవరు; పిలిచేది చుట్టాన్నో, పక్కింటివాణ్ణో. అయిదేళ్ళు చట్టం చదివిన నాకు ఈ ముక్క ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

మునిసిపల్ రికార్డు గదిని కాచే ఉద్యోగికి మేము పెట్టుకున్న పేరు ‘రేపుగారు’. ఏది అడిగినా ‘రేపు రండి’ అనడమే ఆయన ధర్మం. నకలు కోసం నింపవలసిన దరఖాస్తులో ‘కారణం’ అన్న గడి ఉంది: ఆస్తి తగాదా, బ్యాంకు రుణం, ఇతరములు. తాతను చూసుకోవడానికి ఒక మనిషి కాగితం అడుగుతుందని ఈ వ్యవస్థ ఏనాడూ ఊహించలేదు. అత్త ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టి, పక్కనే ‘బెంగ’ అని రాసింది.

రేపుగారు కళ్ళజోడు సవరించుకుని, “ఇలాంటి కారణం చెల్లదమ్మా” అన్నాడు.

నేను వెంటనే పౌరుల హక్కులు, సమాచార చట్టం, ఉద్యోగుల బాధ్యత మీద ఏకధాటిగా మాట్లాడాను. ఆయన అంతా శ్రద్ధగా విని, “బాగా చెప్పారు. రేపు రండి” అన్నాడు.

అత్త నా మోచెయ్యి గిల్లి ముందుకు జరిగింది. “రేపే వస్తానండీ. ఈ కాగితం వెనక ‘రేపు’ అని రాసి, ఇవాళ్టి తారీఖు వేసి ఇవ్వండి. చిల్లర లేనప్పుడు మేమూ టికెట్ వెనక అలాగే రాసిచ్చేవాళ్ళం.”

ఆయన నవ్వి రాసిచ్చాడు. మర్నాడూ రాసిచ్చాడు. వారం తిరిగేసరికి తన చేతిరాతతో ఉన్న రేపులన్నీ ఒక గుండుసూదికి గుచ్చి ఆమె బల్లమీద పెట్టగానే, ఆయన మారుమాట లేకుండా నిచ్చెన తెచ్చుకున్నాడు.

ఆ నిచ్చెన మీంచి దిగివచ్చినవాడే దీపాల దాత. మా వీధికి మొట్టమొదటిసారి తన ఖర్చుతో వీధిదీపాలు పెట్టించిన పెద్దమనిషి. ఆ విరాళానికి సంబంధించిన కాగితాల కట్టలో ఆయన ఫొటో కూడా ఉంది: తన ఇంటి గుమ్మం ముందు కండువా సర్దుకుని నిలబడ్డాడు, తలమీద ద్వారబంధానికి 14 అన్న పలక, వీధి చివర గడియారస్తంభం. పన్ను పుస్తకంలో పద్నాలుగో నంబరు ఇంటి యజమాని ఆయనే. మా అత్త ఇల్లూ పద్నాలుగే. తండ్రి నుంచి వచ్చిన ఇల్లు. ఆయనకు పెంచిన మేనత్త నుంచి వచ్చిన ఇల్లు. పైగా ఇంటిపేరూ ఒకటే. ఇంటిపేరు సాక్ష్యానికి పనికిరాదని ఆమెకు తెలుసు. మా వీధిలో రాయి విసిరితే ఆ ఇంటిపేరువాడి నెత్తినే పడుతుంది. కానీ ఇల్లు ఎక్కడికీ నడిచిపోదు కదా! ఆ రోజు ఆమె రికార్డు గదిలోనే చెంగుతో కళ్ళు ఒత్తుకుని, రేపుగారి చేతిలో రెండు పిప్పరమెంట్లు పెట్టి, “మా ముత్తాత ఎక్కాడయ్యా బండి” అంది.

అది మొదలు ఇంట్లో దీపాల దాతదే రాజ్యం. మామయ్య గడియారాల మెకానిక్. వీధి చివర స్తంభం మీది గడియారాన్ని ఉద్యోగమున్నంతకాలం చూసుకున్నది ఆయనే, ఆయనకు ముందు ఆయన గురువు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ గ్లాసు చేతికందేలోపే, “మా గురువుగారి చేతిలో గానీ నా చేతిలో గానీ ఆ గడియారం ఒక్క పూట ఆగలేదు” అని చెప్పడం ఆయన ఏకైక గర్వం. ఇప్పుడు ఆ మాటకు తావు లేకుండా పోయింది. నీళ్ళగ్లాసుతోపాటే అత్త ముత్తాతను కూడా అందించేది. కట్టలోని మిగతా కాగితాలనూ ఆమె కథలుగా చెప్పేది. వాటిలో అందరినీ నవ్వించేది ఒక ఫిర్యాదు. అప్పటి పదమూడో నంబరు ఇంటాయన, ‘ఎదురింటివారు పెట్టించిన దీపము వెలుతురు తిన్నగా నా పడకగదిలో పడుతూ నిద్ర లేకుండా చేయుచున్నది, వెంటనే ఆర్పించవలెను’ అని మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాడు.

“ఊరికి వెలుగొస్తే ఈయనకి కుళ్ళొచ్చింది” అని అత్త పడీపడీ నవ్వేది. “నిద్రపట్టనాయన! అచ్చం మన గంజి తాత అయ్యుంటాడు. పదమూడో నంబరు బుద్ధే అంత.”

గంజి అంటే ఎదురింటి పెద్దమనిషి. ఇప్పటి పదమూడో నంబరు ఆయనకు తాతముత్తాతల నుంచి వచ్చిన ఇల్లు; కింద లాండ్రీ షాపు, పైన కాపురం. చొక్కాలకు పెట్టే గంజి మెడకు కూడా పట్టిందా అన్నట్టు తల తిప్పకుండా నడుస్తాడు. ఆయనకూ అత్తకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. లాండ్రీ బోర్డు మీద ఆయన కొత్తగా పెట్టించిన నీలం లైటు మిణుకు మిణుకుమంటూ అత్త పడకగది కిటికీలోనే పడుతుంది. దానిమీద లాయరు నోటీసు ఇమ్మని ఆమె అడిగితే, నేను ఉత్సాహం పట్టలేక పుటల కొద్దీ చిత్తు రాశాను. గాలికీ వెలుతురుకూ సంబంధించిన హక్కులన్నీ అందులో గుప్పించాను. తీరా టైపు చేసే సమయానికి అత్త వెనక్కి తగ్గింది.

“వద్దులేవే. దీపాల దాత మునిమనవరాలు లైటు మీద కేసు పెట్టిందంటే నలుగురూ నవ్వరూ? మా ముత్తాత పరువేం కాను?”

ముత్తాత పరువు కోసం ఆమె కిటికీకి దుప్పటి కట్టుకుని, ఉక్కపోతలో పడుకోవడం మొదలుపెట్టింది. నా చిత్తు సొరుగులో పడింది. ఇంత మంచి నోటీసును నేను మళ్ళీ రాయలేనేమోనన్న బాధ నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇంతలో వీధి సంఘంవారికి దీపాల దాత సంగతి తెలిసింది, ఆయన ఫొటో నకలు సంఘం బోర్డుకెక్కింది. మూలమీద కొత్త దీపస్తంభం వేస్తున్నారు. దానికి ఆయన పేరుతో శిలాఫలకం పెట్టాలని, వచ్చే ఆదివారం ఆయన వారసురాలి చేత స్విచ్చి వేయించాలని తీర్మానించారు. వేదిక మీద కుర్చీ, చేతికి మైకు. అత్త మాట్లాడవలసిన నాలుగు వాక్యాలను నాచేత రాయించుకుంది. దాతను గురించిన వాక్యం ఒక్కటే. మిగిలిన మూడూ తన తండ్రిని గురించినవి. “ఆయన మనవడే మా నాన్న” అన్నచోటికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయేది. మళ్ళీ మొదటినుంచి చదివేది.

ఎదురింట్లో గంజికి ఇది ఇస్త్రీపెట్టె వాతలా తగిలింది. షాపు అరుగు మీదినుంచి, వీధంతా వినేటట్టు మాటలు విసిరేవాడు.

“కండక్టరమ్మగారూ! మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మీ సంబరం!”

“మీ తాతలు గంజి తాగారు కాబోలు, మీ మూతులు చూస్తేనే తెలుస్తోందయ్యా!”

“దీపాలు పెట్టించాట్ట దీపాలు! ఎవడి సొమ్మో నొక్కి పెట్టించుంటాడు. మొహం చూస్తేనే తెలియడంలా, దొంగ చూపులు!”

అంతటితో ఊరుకోలేదు. సదరు దాత ఒక మోసగాడని, అతని పేరు పెడితే వీధికే అప్రతిష్ఠ అని సంఘం అధ్యక్షుడికి రాతపూర్వకంగా అభ్యంతరం కూడా ఇచ్చుకున్నాడు. ఆధారం ఒక్కటీ జతపరచలేదు. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది అందుకే.

వేడుకకు ముందు శుక్రవారం సాయంత్రం ఫొటో స్టూడియో నుంచి దాతగారి పటం పెద్దది చేసి, ఫ్రేము కట్టి వచ్చింది. మామయ్య హాల్లో మేకు కొట్టాడు. అత్త పటాన్ని ఒళ్ళో పెట్టుకుని పైటకొంగుతో అద్దం తుడుస్తూ, తుడుస్తూ ఆగిపోయింది. భూతద్దం తీసింది.

“ఏమే, ఈయన కళ్ళు ఎందుకు చికిలించాడు?”

“దొంగ చూపులని గంజి అన్నాడుగా” అన్నాను.

ఆమె నవ్వలేదు. “ఎండే. మొహాన ఎండ కొడుతోంది. నీడ చూడు, వెనక తలుపు మీద పడింది.” వేలు మెల్లగా పటం చివరికి జరిపింది. “ఆ గడియారంలో టైమెంత?”

పెద్దదిచేసిన ఫొటోలో ముళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎనిమిది.

బస్సులో ఏ పూట ఎటువైపు సీట్లు ముందు నిండుతాయో అత్తకు కొట్టినపిండి. పొద్దుటి ట్రిప్పులో జనం ఎండకు వెరచి ఒక పక్కకే ఒరిగిపోతే, బండి కూడా ఒరుగుతోందని కేకలేసిన మనిషి. ఆమె లేచి వీధి గుమ్మంలోకి వెళ్ళింది. పడమటి సూర్యుడు తిన్నగా ఆమె మొహం మీద పడుతున్నాడు. ఆ ఇంటి గుమ్మం పడమర ముఖం. పొద్దున్న ఎనిమిదింటికి అక్కడ నిలబడినవాడి మొహాన ఎండ పడాలంటే సూర్యుడు డ్యూటీ మార్చుకోవాలి.

ఎదురుగా, తూర్పు ముఖంతో, గంజి ఇల్లు. మా వీధిలోని ఇళ్ళన్నీ ఒకే మేస్త్రి కట్టినవి. అవే మెట్లు, అదే ద్వారబంధం, కవలపిల్లల్లా ఉంటాయి.

ఆమె వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. మామయ్య సుత్తి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

“అప్పట్లో ఆ గడియారం ఆగిపోతూ ఉండేదోయ్” అన్నాడు.

మేమిద్దరం ఆయన వంక చూశాం.

“అవును. ఎక్కువగా ఎనిమిది దగ్గరే ఆగేది. మా గురువుగారు... అంత శ్రద్ధగా చూసేవాడు కాదు. ఆ ఫొటో సాయంత్రం తీసిందే. ఎవరడిగినా నేను చెబుతాను.”

చెబుతున్నంతసేపూ ఆయన సుత్తినే చూస్తున్నాడు. జీవితమంతా చెప్పుకున్న ఒకేఒక్క గొప్పను, దానితోపాటు గురువును కూడా, భార్య ఒళ్ళో ఉన్న పటం కోసం ఆయన వదిలేసుకున్నాడు. వృత్తిరీత్యా నేను చాలా దొంగసాక్ష్యాలు విన్నాను. ఇంత అందమైనది మాత్రం వినలేదు.

అత్త పటాన్ని గోడకు ఆనించింది. తరువాత, “మీరు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయండీ. ఆ గడియారం ఎప్పుడూ ఆగలేదు. నేను దాన్ని చూసే డ్యూటీకి వెళ్ళేదాన్ని” అని, నావైపు తిరిగింది. “రేపు శనివారం ఒంటిపూట ఆఫీసు ఉందా?”

రేపుగారు ఆమెను చూడగానే అలవాటుగా కాగితం కోసం చెయ్యి చాచాడు. ఈసారి ఆమె ఏ మనిషినీ అడగలేదు, ఏ ఇంటినీ అడగలేదు. “మా వీధిలో ఇళ్ళ నంబర్లు ఎప్పుడైనా మార్చారా?” అని అడిగింది. ఇన్నేళ్ళలో మాకెవరికీ తోచని ప్రశ్న అది. రేపుగారు నోరు తెరిచి, మూసి, నిచ్చెనెక్కాడు.

మార్చారు. వంతెన కట్టినప్పుడు ఊరి రాకపోకలన్నీ అటువైపు తిరిగాయి. అంతకుముందు వీధికి చివరగా ఉన్నది మొదలైంది. నంబర్లను ఆ కొస నుంచి మళ్ళీ వేశారు. నేను ఉత్తర్వును రెండుసార్లు చదివి కూడా ఏది ఎక్కడికి మారిందో తేల్చుకోలేకపోతున్నాను. అత్త ఒక్క చూపులో తేల్చేసింది.

“అప్ ట్రిప్పు, డౌన్ ట్రిప్పేనే. వెళ్ళేటప్పుడు మొదటి స్టాపు వచ్చేటప్పుడు ఆఖరిది. వెళ్ళేటప్పుడు కుడిపక్క ఉన్నది వచ్చేటప్పుడు ఎడంపక్క. ఎడంపక్క బేసి నంబర్లు, కుడిపక్క సరి నంబర్లు. అందరి నంబర్లూ ఎక్కడెక్కడికో పోయాయి. నడిమధ్య ఇళ్ళు రెండే ఉన్నచోట ఉన్నాయి. ఎటునుంచి లెక్కపెట్టినా మధ్య మధ్యే కదా. వైపు ఒక్కటే మారింది.” ఆమె పెన్సిలు చెవి సందున పెట్టుకుంది. “పాత పద్నాలుగు ఇప్పటి పదమూడు. పాత పదమూడు ఇప్పటి పద్నాలుగు. వీధి మొత్తం మీద ఈ పొరపాటు పడడానికి వీలున్న ఇళ్ళు మావి రెండే.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు విన్నాం గానీ, ఎదురింటి పిల్లను చంకనేసుకుని ఊరేగినవాళ్ళం మేమే అయ్యుంటాం.

అంటే పాత పదమూడో నంబరాయన ఎవరు? నేను గబగబా చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. ఆమె అప్పటికే సంచిలోంచి పాత నకళ్ళ కట్ట తీసి విప్పుతోంది. ఇన్నాళ్ళూ నవ్వుకోవడానికి పనికొచ్చిన ఆ అర్జీని తీసి బల్లమీద పరిచింది. కట్ట అడుగున, ‘ఎదురింటి సంగతి మనకెందుకు’ అని చదవకుండానే ఎప్పుడూ పక్కనపెట్టిన ఒక దస్తావేజు నకలు ఉంది: పదమూడో నంబరు ఇంటిని, తల్లీతండ్రీ లేని తన పసి మనవడి నిమిత్తం, ఆ పెద్దాయన తన కూతురి పేర రాసి ఇచ్చాడు. ఆ కూతురే మా తాతను పెంచిన మేనత్త. ఆ పసివాడే మా తాత. అర్జీ మీదా దస్తావేజు మీదా సంతకం ఒకటే, కాగితం చిరిగేంత నొక్కి పెట్టినది.

“నిద్రపట్టనాయన” అంది అత్త నీరసంగా. “నా నోటితో నేనే వీధంతా నవ్వించానే ఈయన్ని చూసి.”

అప్పుడు ఆమె వేలు తన పద్ధతి ప్రకారం తానే కాగితం అడుగుకు జరిగింది. మొదటి సాక్షి సంతకం దీపాల దాతది. దీపం ఆర్పించమని అర్జీ పెట్టినవాడు, పసివాడికి ఇల్లు రాసిచ్చే వేళకు ఎదురింటివాణ్ణే పిలిచాడు. పిలిస్తే ఆయనా వచ్చాడు.

తిరుగుదారిలో రిక్షా ఎక్కి, ఆమె తోలుసంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు తెలిసినంతలో ఆ విషయం ప్రపంచంలో నలుగురికే తెలుసు: ఆమెకు, నాకు, మామయ్యకు, రేపుగారికి. నలుగురిలో నోరు విప్పేవాళ్ళెవరూ లేరు. అడిగితే రేపుగారు రేపు చెబుతాననే అంటాడు. ఆదివారం స్విచ్చి వేసి, నాలుగు వాక్యాలు చదివి దిగిపోవచ్చు. న్యాయం పక్షాన నిలబడతానని ప్రమాణం చేసినదాన్నే అయినా, ఆ రిక్షాలో ఆమె మొహం చూసి, ఆమె అలా చేస్తే బాగుండునని నేను కోరుకున్నాను.

ఇంటికి చేరి, పొద్దువాలేదాకా ఆ కాగితాల ముందు కూర్చుని, ఆమె పటాన్ని చంకన పెట్టుకుని, కాగితాల కట్టను తోలుసంచిలో వేసుకుని, వీధి దాటింది. వెనకే నేను. గంజి ఇస్త్రీ చేస్తున్నవాడు తల ఎత్తి, మమ్మల్నీ పటాన్నీ చూశాడు.

“ఏంటి, నా షాపులో కూడా తగిలిస్తారా ఆ దొంగమొహాన్ని?”

“తగిలించుకోవలసింది నువ్వేనయ్యా. మీ ముత్తాత.”

గంజి ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె బల్లమీద కాగితాలు పరిచి, ఎండ, గడియారం, వంతెన, అప్ ట్రిప్పు, డౌన్ ట్రిప్పు అన్నీ విడమరిచి చెప్పింది. ఆయన మధ్యలో రెండుసార్లు వీధిలోకి వెళ్ళి, తన గుమ్మాన్నీ ఆకాశాన్నీ చూసి వచ్చాడు. చివరికి పటాన్ని దగ్గరకు తీసుకుని, దానిలోని ముక్కును తడిమి, తన ముక్కును తడుముకున్నాడు.

“చూపు ఎంత తేజస్సుగా ఉందో చూశారా!” అన్నాడు.

“మొన్నటిదాకా దొంగ చూపు కదయ్యా?”

ఆయన మెడలోని గంజి ఒక్కసారిగా దిగిపోయింది. “అమ్మా, లాయరమ్మా” అన్నాడు నావైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఒకసారి ఇచ్చుకున్న అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోవచ్చా? అందులో... కాస్త పరుషంగా రాశాను. మోసగాడని. ఇంకోచోట ఇంకొకటి కూడా అన్నాను.”

“తీసుకోవచ్చు. కానీ ఎందుకు తీసుకుంటున్నారో కారణం రాయాలి” అన్నాను.

“‘ఇతరములు’ అని రాయి, చాలు” అంది అత్త.

తరువాత సంచిలోంచి నాలుగు వాక్యాల కాగితం తీసింది. మొదటి వాక్యం దాకా చింపి ఆయన చేతిలో పెట్టింది. “రేపు స్విచ్చి నువ్వు వెయ్యి. ఇది చదువు. మిగతావి మా నాన్న సంగతులు, నీకు పనికిరావు.”

గంజి ఏదో అనబోయాడు. కుర్చీ సగం ఖాళీ చేస్తానన్నాడో, సంఘంవాళ్ళతో చెప్పి ఆమెకూ ఒక దండ వేయిస్తానన్నాడో, సరిగా వినిపించలేదు. ఆమె అప్పటికే ‘రైట్ రైట్’ అనేసి గుమ్మం దిగింది. అప్పుడే చీకటి పడుతూంటే బోర్డు మీది నీలం లైటు వెలిగి, మిణుకు మిణుకుమంటూ ఎదురింటి కిటికీకి కట్టిన దుప్పటి మీద పడింది.

అత్త వీధి నడిమధ్యలో ఆగింది. ఆ దుప్పటి వంక, లైటు వంక, మళ్ళీ దుప్పటి వంక చూసింది. ఇంట్లోకి వచ్చి, దాతగారి కోసం కొట్టిన మేకుకు నిద్రపట్టనాయన అర్జీ నకలును తగిలించి, ఎదురుగా కుర్చీ వేసుకుని ఇక లేవనక్కరలేని తండ్రిలా కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. మామయ్య మంచినీళ్ళు తెచ్చాడు. ఆయన గడియారం గురించి మొదలుపెట్టబోతే, పూర్తిగా చెప్పనిచ్చింది కూడా.

ఆ తరువాత నన్ను పిలిచింది.

“ఆ నోటీసు ఇంకా సొరుగులో ఉందా?”

“ఉంది. కానీ ఇప్పుడెలా అత్తా? ఇవాళే కదా వాళ్ళ ముత్తాతను తీసుకెళ్ళి ఇచ్చావు?”

“అది వాళ్ళ సొత్తు, ఇచ్చేశాను. ఇది మన సొత్తు” అంది, గోడమీది సంతకాన్ని చూపిస్తూ. “మా ముత్తాత వేసిన అర్జీకి ఇంతవరకు జవాబు రాలేదు. సోమవారం పొద్దున్నే టైపు చేసి పంపించు. కిటికీకి ఆ దుప్పటి విప్పెయ్యండి, నాకు ఉక్కపోస్తోంది.”